నేను కొట్టని కమాండు

శనివారం, మే 2006. ఆత్మకూరు.

నేను లీవు పెట్టి అమ్మోళ్ళింటికి వచ్చింటి. ఆడ కర్నూల్లో కరెంటు పోయి వచ్చినాక, నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఇంటర్నెట్ రాలేదంట. ప్రిన్సిపాల్ సారే ఫోన్ చేసినాడు. అటెండర్ మస్తాన్ భాయ్‌ని లినక్స్ సర్వర్ ముందర కూచోబెట్టించి, ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే ప్రాక్సీ సర్వీసు స్టార్ట్ చేసే కమాండు ఒక్కో అక్షరమే చెప్పి కొట్టించినా. రెండు నిమిషాల్లో నెట్ వచ్చేసింది.

"నువ్వు లేకుంటే ఈడ ఏదీ నడవదమ్మా" అన్నాడు సారు. శానా సంతోషమైంది.

సర్వర్ ఆన్ అవుతానే ఆ సర్వీసు దానంతట అదే లేచేట్టు చేసే కమాండు ఇంకొకటి ఉండాది. అదీ ఒక్క లైనే. రెండేండ్ల నుంచి తెలుసు నాకు. కొట్టలేదు, అంతే. జూన్లో నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో...

ఫోన్ పెట్టేస్తా మస్తాన్ భాయ్ అడిగినాడు: "కరెంటు పోయినప్పుడల్లా ఇంతేనా తల్లీ?"

"ఇంతే భాయ్" అన్నా.