మూడు చిన్న గాట్లు

1998 శ్రావణం, మంగళవారం

బాపు ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డను ఛాతీ తెరవకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి తీస్తారట. హైదరాబాద్ దవాఖానలో కొత్తగా మొదలైంది. ఆయన భయపడకూడదని పొద్దున "మూడు చిన్న గాట్లే బాపూ" అన్నాను.

మగ్గం ఆపకుండానే నవ్వాడు. "గంతేనా బిడ్డా! బొక్కలు ఇరగ్గొడ్తరనుకున్న. అయితే చిన్న రోగమే. ఈ పడుగు ఒడిసినంక పోదాం తీ."

పడుగు అయిపోవాలంటే ఇంకా నాలుగు చీరలు నేయాలి, నెలన్నర. ఆలస్యమైతే ఛాతీ కోయాల్సిందేనని డాక్టరు నాతో అన్న మాట ఆయనకు చెప్పలేదు.

"డిగ్రీ సదివినవ్, గట్టిగ చెప్పరాదే?" అని అమ్మ కసిరింది.

కోత చిన్నదే గాని రోగం చిన్నది కాదని రేపు ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టకముందే చెప్పాలి. మనిషిని భయపెట్టడానికీ ఓపిక కావాలి. ఇవాళ నాకది లేదు...