టిమీ కత్తి

నైజీరియా,
నదీ పాయల క్యాంపు,
మార్చి 9, 2025.

పూజ్యులైన అన్నయ్య శాలేమురాజు గారికి,

తమ్ముడు రాఘవ నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను కాలు ఈడ్చుకుంటూనైనా క్షేమం. రేపల్లెలో నువ్వూ, కరుణ వదినా, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఈ పై ముక్కలు మా నాన్నగారు నేర్పిన మర్యాద. అది తీరింది కనుక ఇక మనిద్దరం మాట్లాడుకునే తీరులోనే రాస్తాను.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేంట్రా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు నీ బావమరిది బర్నబాస్ చదివేసి మీ సంఘం గ్రూపులో పడేస్తాడు. అందుకే సెలవు మీద బాపట్ల వస్తున్న మన క్యాంపు సుమంత్‌కి ఇస్తున్నాను. నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకున్నాను.

మీ ఇంట్లో జరిగిన కృతజ్ఞతా కూటం వీడియో బర్నబాస్ పంపాడు. తెల్ల చొక్కా, కొత్త పళ్లు, పెళ్లికొడుకులా ఉన్నావు. ముందు వరసలో మా అమ్మ! తెనాలిలో గుడి వీధి దాటడానికే శకునం చూసుకునే కామేశ్వరమ్మ గారు మీ పందిట్లో కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంటుంటే నాకూ ఏడుపు ఆగలేదు. నా బిడ్డను వీపున మోసుకొచ్చావు, ఇకమీదట నువ్వూ నా బిడ్డవే నాయనా అని నీ తల నిమిరిందట. ఆ మాటలో నాకూ సందేహం లేదు.

అయినా అన్నయ్యా, నీ సాక్ష్యం వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మట్టల ఆదివారం నాడు బాపట్ల సభలో, వేలమంది ముందు మళ్లీ అదే చెప్పబోతున్నావట. ఈలోగానే ఈ ఉత్తరం నీకు అందాలి.

మనం ఈ దేశం వచ్చిన మొదటి వారం గుర్తుందా? జంపని దగ్గర షెడ్డులో వెల్డింగు చేసుకునే నిన్నూ, దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలో మీటర్లు చూసుకునే నన్నూ చమురు కంపెనీ పనికని ఒకే ఏజెంటు ఒకే విమానం ఎక్కించాడు. ఈ మడ అడవులు చూసి, ఒరేయ్, ఇది మన నిజాంపట్నమే కదరా, కాకపోతే ఇక్కడ ఆకాశానికి మంట పెట్టారు అన్నావు. చమురు బావుల గ్యాసు మంటల వెలుగులో పగలూ రాత్రీ తేడా తెలిసేది కాదు. నీకు మాత్రం ఎక్కడైనా రేపల్లె ప్యాసింజరు రైలే, కనబడిన వాళ్లందరితో వరస కలిపేస్తావు. గేటు దగ్గర కాపలావాడు మావయ్య, వంటవాడు బాబాయ్, పడవ నడిపే పెద్దాయన తాతయ్య.

ఆ తాతయ్య నా ఒళ్లోనే పోయాడు. పాయ మలుపు తిరగగానే ఎదురుగా తుపాకులతో రెండు పడవలు. ఆయన చేతులు ఎత్తాడు. ఎత్తిన చేతుల మధ్య నుంచే గొంతులో కాల్చారు. వేడి రక్తం నా బూట్లలోకి దిగింది. నేను అరిస్తే నోట్లో గుడ్డ కుక్కారు.

ఆ మడ అడవిలో మన బతుకు నేను నీకు చెప్పనక్కర్లేదు. కంపెనీ ఫోను ఎత్తకపోతే, డబ్బు కోసం మనల్ని పట్టుకుపోయిన ముఠా నాయకుడు కొట్టేవాడు. ఎత్తి బేరమాడితే ఇంకా కొట్టేవాడు. తుపాకీ మడమతో నీ ముందుపళ్లు రాలగొట్టాడు. నా తల పాయలో ముంచితే నీళ్ల మీద తెట్టు కట్టిన చమురు గొంతులోకి పోయేది. నాలుగు రోజులు నల్లగా కక్కుకున్నాను. నువ్వు నా వీపు రాస్తూ నోట్లో పళ్లు లేకుండానే కీర్తనలు పాడావు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

కాపలా వాళ్లలో టిమీ ఒకడు. చేపలు పట్టుకు బతికే మనిషి. చమురు పారి చేపలు చచ్చిపోయాక గతిలేక వాళ్ల దగ్గర కుదిరాడు. వంట కోసం నీ చేతులు మాత్రం విప్పి, కాలు పొయ్యి పక్కన గుంజకు కట్టేవారు. నువ్వు చేపలు కోసే తీరు చూసి టిమీ తన కత్తి నీకిచ్చేవాడు. నువ్వు ఊరుకుంటావా! బావా అని మొదలుపెట్టావు. అంటే ఏంటని అతనడిగితే, మా ఇంటి ఆడపిల్లను ఏలుకునేవాడు బావ, బావ మీద మేం చెయ్యెత్తం, బావ కూడా మా మీద చెయ్యెత్తకూడదు అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పావు. అతను దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు నుంచి నిన్ను కూడా బావా అనే పిలిచాడు.

నీ వేళ్లు నరికి కంపెనీకి పంపుతానని నాయకుడు నీ చెయ్యి మొద్దు మీద పెట్టించినప్పుడు అడ్డం పడింది ఎవరు? ఆ వేటు టిమీ ముంజేతిని ఎముక దాకా చీల్చింది. నీ పదివేళ్లతో మైకు పట్టుకుని మాట్లాడావు గానీ, ఆ ముక్క నీ సాక్ష్యంలో ఎక్కడా లేదు.

ఇక సైన్యం వచ్చిపడిన ఉదయం. నువ్వు పందిట్లో చెప్పింది ఇది: తుపాకులు మోగుతుంటే ఆ రాక్షసుడు టిమీ, బావా బావా అని నమ్మించినవాడు, కత్తి దూసి నీ మీదకు పరుగెత్తాడు. దేవుడు నీ చేతికి పడవ తెడ్డు అందించాడు. నువ్వు వాణ్ణి కూల్చిన అదే ఘడియలో, బైబిల్లో పౌలు సీలల సంకెళ్లు చెరసాలలో ఊడినట్టు, గుడిసె వెనక రాఘవ కట్లు వాటంతటవే ఊడిపోయాయి. ఇలా చెప్పి ఆ కత్తిని పైకెత్తి చూపించావు. అందరూ హల్లెలూయ అన్నారు. మా అమ్మ చేతులు జోడించింది.

నేను చూసింది కూడా విను. మొదటి దెబ్బకు అతను మోకాళ్ల మీద పడి బావా అన్నాడు. రెండోది ఆ మాట అన్న నోటి మీదే కొట్టావు. తెడ్డు విరిగాక విరిగిన మొనతో పొడిచావు. కదలడం ఆగిపోయాక కూడా పొడిచావు. తరువాత అతని వేళ్లు విప్పి కత్తి తీసుకుని నీ కాలి తాడు కోసుకున్నావు. నేను నిన్ను తప్పుపట్టను. అన్ని రోజులు కుక్కను కొట్టినట్టు కొడితే ఎవడైనా అదే చేస్తాడు. తొడలో గుండు దిగిన నన్ను మొలలోతు బురదలో మోశావు. నీ చెవి పక్క నుంచి గుళ్లు పోతున్నా దించలేదు. అందుకే ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను.

మొన్న గురువారం క్యాంపు గేటు దగ్గర ఒకావిడ నా చొక్కా పట్టుకుంది. అక్కడ అరటికాయలు కాల్చి అమ్ముకుంటుంది. టిమీ భార్య. మన క్యాంటీన్లో ఎవరి ఫోన్లోనో నీ వీడియో చూసిందట. తెలుగు ముక్క రాదు గానీ భర్త పేరు విన్నది, కత్తిని గుర్తుపట్టింది, బావ అన్న మాట కూడా పట్టుకుంది. ఆ ఇండియా ఆయన నన్ను బావ అంటాడని టిమీ ఇంటికి వెళ్లినప్పుడల్లా చెప్పుకుని మురిసేవాడట. ఈయనేనా ఆయన, నా భర్త గురించి అంతమందికి ఏం చెబుతున్నాడు అని అడిగింది.

ఏం చెప్పమంటావు? మీ ఆయన మంచివాడని చెబుతున్నాడు, తన ప్రాణం కాపాడాడని చెబుతున్నాడు అన్నాను. ఆ వీడియో మళ్లీ ఒకసారి పెట్టమంది. నువ్వు రాక్షసుడు అన్న చోట ఆవిడ కళ్లు మూసుకుని, అవునవునని తలాడించింది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

అన్నయ్యా, బాపట్లలో సాక్ష్యం చెప్పు, నేను వద్దనను. బతికి బయటపడ్డావు, నీ దేవుడికి దండం పెట్టుకో. కానీ టిమీని రాక్షసుడు అనకు. నువ్వే బావ అన్నావు. ఆ వరసకైనా విలువ ఇవ్వు.

వదినకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. మా అమ్మ కనబడితే నేను బాగానే తింటున్నానని చెప్పు.

ఇట్లు,
నీ వీపు మీద బతికొచ్చిన తమ్ముడు,
రాఘవ.

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. మర్యాదకు పోయి అసలు సంగతి రాయలేదు. నా కట్లు వాటంతటవే ఊడలేదు. తుపాకులు మొదలవగానే టిమీ గుడిసె వెనక్కి వచ్చి నా చేతుల తాడు కోశాడు. బావ ఎక్కడ అని అడిగాడు. నోట్లో గుడ్డతో నేనే పొయ్యి వైపు గడ్డం చూపించాను. అతను అదే కత్తితో, అదే పని మీద నీ దగ్గరకు పరుగెత్తాడు. నేను గుడ్డ లాక్కుని, గుడిసె చుట్టి వచ్చి కొట్టొద్దని అరిచేసరికే నువ్వు కొట్టేశావు. నా అరుపు తుపాకుల మోతలో కలిసిపోయింది. నమ్మకపోతే ఆ కత్తి తీసి చూడు. నీ కాలికి కట్టింది కొబ్బరి తాడు. నా చేతులకు కట్టింది పచ్చ నైలాను తాడు. పిడి మొదట్లో విరిగిన నొక్కులో ఒక పచ్చ పోగు ఇంకా ఇరుక్కుని ఉంది. నువ్వు పైకెత్తినప్పుడు వీడియోలోనే కనబడింది. బాపట్లలో దాన్ని మళ్లీ ఎత్తే ముందు ఆ పోగు ఒకసారి చూసుకో. చూశాక, ఆవిడకు నేను చెప్పిన మాట మైకులో నువ్వు చెప్పు.