నీ రంగు తియ్యొద్దన్నాను

వరలక్ష్మీ,

పెళ్ళయిన కొత్తలో నిన్ను ఒక్కదాన్నే ఎండలో నిలబెట్టి ఫోటో తీయిస్తానన్నాను. నువ్వు పోయేదాకా తీయించలేదు. "దీన్ని ఫోటో తీస్తే పళ్ళు తప్ప ఏం పడతాయిరా" అని మా అక్క నలుగురిలో అన్నప్పుడు, ఇన్ని పుస్తకాలు చదివిన నేను పేపరు చాటున కూర్చున్నాను. ఆ తరవాత ఎవరు కెమెరా తీసినా నువ్వు నీడలోకి జరిగేదానివి.

రేపు నీ సంవత్సరీకం. గోడకి పెట్టడానికి ఒక్క ఫోటోయే దొరికింది. మస్కట్ నుంచి వచ్చినప్పుడు మీ తమ్ముడు డిజిటల్ కెమెరాతో తీసింది. అందులో అక్క ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వెనక చూరు కింద నువ్వు నల్లటి ఆకారానివి, అంతే.

అమలాపురంలో స్టూడియో ఆయన కంప్యూటర్లో ఆ నీడని పలచన చేశాడు. పౌడరు పూసిన బొమ్మలా వచ్చావు.

"అమ్మగార్ని కాస్త తెల్లగా చేసేనండి. అందరూ అలాగే అడుగుతారండి."

"ఆవిడ నలుపేనయ్యా. నీడ తియ్యి, రంగు తియ్యకు."

"ఆయ్. ఉత్త నీడే లేపితే ఫోటో నిండా చుక్కలొస్తాయండి మరి."

"రానీ."

ఈసారి నీ రంగుతోనే వచ్చావు. ముక్కుపుడక కనిపించింది, కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళు కెమెరాని చూడటం లేదు. యాభై దాటినదానివి, ఇంకా బెదురుగా అక్క వైపే చూస్తున్నావు.

"కుర్చీలో ఆవిణ్ణి కత్తిరించెయ్యమంటారా అండీ?"

"వద్దు. రేపు భోజనానికి వస్తుంది. చూసుకోనీ."

పేపరు దించనందుకు నన్ను నేను తిట్టుకున్న రోజులున్నాయి. కానీ ఆ మాట అన్నది నేను కాదు. నేనింకా తప్పు పట్టేది మా అక్క సుభద్రనే.