వంగిన మనిషి లెక్క

అన్నయ్యా,

నీ కళ్లకు నా గీతలు ఆనవని తెలుసు. అయినా ఇది వదిన చేత చదివించుకోకు.

గోదాము యార్డులో వెనక్కి వస్తున్న సరుకుల బండి కింద, ఊడ్చే ఆవిడ నలిగి చచ్చిపోయింది. ఆ బండి వెనక రాడార్ ఉంది, తను పంపిన తరంగం అడ్డమున్న మనిషికి తగిలి తిరిగొస్తే బండిని తనంతట తానే ఆపడానికి. పోయినేడు మనిద్దరం లెక్కలు కట్టి, పనికొస్తుందని సంతకాలు పెట్టింది దానికే.

నిన్న విచారణాధికారి మన రిపోర్టు బల్ల మీద పెట్టుకుని పిలిచాడు. "రెండు పద్ధతుల్లోనూ ఒకటే జవాబొచ్చిందని మీరే రాశారు కదండీ మేడమ్. ఇంక యంత్రంలో తప్పేముంది? అడ్డం వచ్చింది ఆవిడే."

"వంగి ఊడుస్తోందండీ. వీపుకి కళ్లుంటాయా?"

"అదేనండీ అజాగ్రత్తంటే."

చెంప పగలగొట్టాలనిపించింది. ఇంటికొచ్చి పాత ఫైళ్లు తెరిచాక, ఎవరి చెంపో తెలిసింది.

నీ పద్ధతి యార్డునంతా చిన్న గళ్లుగా కోసి, తరంగాన్ని గడి నుంచి గడికి నడిపిస్తుంది. నాది ఆ తరంగం తగిలినప్పుడు మనిషి ఒంటి పైపొర మీద పుట్టే కరెంటును మాత్రమే లెక్కగడుతుంది. "గుమ్మం దాటని మహారాణి" అని నా పద్ధతిని వెక్కిరించేవాడివి. పోలిక న్యాయంగా ఉండాలని ఇద్దరం ఒకే ఆకారం తీసుకున్నాం: నిటారుగా నిలబడ్డ ఆరడుగుల మగాడు. జవాబులు కలిశాయి. కలవక చస్తాయా? ఒకే అబద్ధాన్ని ఇద్దరం రెండు రకాలుగా కొలిచాం.

మనిషంటే మగాడొక్కడేనా అని పాతికేళ్లు సభల్లో గొంతు చించుకున్నాను. చీపురు పట్టినవాళ్లని, మూటలు మోసేవాళ్లని నిటారుగా ఎవడు నిలబడనిచ్చాడు? ఇన్ని మాట్లాడినదాన్ని, ఆ ఆకారాన్ని ఎంచింది నేనే. తయారుగా దొరికింది, తీసుకున్నాను. అంతే.

గురువారం విచారణలో తప్పు నాదని చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. నీ పేరు రానివ్వను.

నీ చెల్లెలు

*

పొట్టీ,

వదినే చదివింది. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఈ ఉత్తరం కూడా తనే రాస్తోంది, నేను చెబుతున్నాను.

తప్పు నీదొక్కదానిదే అనకు. రిపోర్టు ఇవ్వడానికి ముందు వారం నేను వంగిన మనిషిని పెట్టి లెక్క వేశాను. తిరిగొచ్చిన తరంగం దాదాపు సున్నా. వంపు తిరిగిన వీపు గళ్లలో పడితే మెట్లుమెట్లుగా తయారవుతుంది కదా, ఆ మెట్ల వల్లే జవాబు చెడిందనుకున్నాను. నా పద్ధతిలోనే లోపం అనుకున్నాను. నిన్నడిగితే ఒక్క పూటలో నీ పద్ధతిలో వేసి తేల్చేదానివి. అడగలేదు. "అన్నయ్య గళ్లకి వీపు కూడా గీయడం రాదు" అని నలుగురిలో నవ్వుతావని కాగితం దాచాను. చెల్లెలి ముందు ఓడిపోలేక ఒక మనిషి ప్రాణం తీశాను.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. చింపేస్తావో, చూపిస్తావో నీ ఇష్టం.

అన్నయ్య

*

అన్నయ్యా,

కాగితం అందిన పూటే వంగిన మనిషిని నా పద్ధతిలో వేశాను. అదే సున్నా. వీపుకి తగిలిన తరంగం వెనక్కి రాదు, పక్కకి జారిపోతుంది. నీ గళ్లలో ఏ లోపమూ లేదు. నువ్వు గెలిచావు.

గెలిచావని రాస్తుంటే కలం కాగితంలోకి దిగిపోయింది. కోపంతోనే. నవ్వుతానని భయపడ్డావా? నవ్వేదాన్నే, ఒట్టు. నవ్వి, లెక్క వేసేదాన్ని. ఆవిడ బతికేది.

రెండు కాగితాలూ విచారణాధికారికి ఇచ్చేశాను. ఇద్దరి పేర్లూ రాశాను. నీ పేరు రానివ్వనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అతను రెండింటినీ చదివి మన రిపోర్టుకి జతచేసుకున్నాడు.

గురువారం పదింటికి విచారణ. వదినని తోడు తెచ్చుకో. చచ్చిపోయినావిడ భర్త ముందు వరసలో కూర్చుంటాడు. నువ్వు నా పక్కన కూర్చోవద్దు. వెళ్లి అతని ఎదురుగా నిలబడు. నాకు చెప్పింది అతనికి చెప్పు.

చెల్లెలు