పీర్ల షర్బత్, నల్లబ్యాడ్జీ

గద్వాల, జనవరి 2009
పీర్ల పండుగ ముందు రాత్రి

గాజాలో బాంబులకు చనిపోతున్న పిల్లల కోసం మేం నలుగురు కాంట్రాక్టు లెక్చరర్లం మధ్యాహ్నం కాలేజీ గేటు ముందు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని నిలబడ్డాం. ఎందుకో అడక్కుండానే ప్రిన్సిపాల్ వద్దన్నాడు. అయినా నిలబడ్డాం.

పక్కనే పీర్ల చావిడి. అక్కడ షర్బత్ పంచుతున్న ముసలమ్మ, నలుపు చూసి మేమూ పీర్లకే సంతాపం పాటిస్తున్నాం అనుకున్నట్టుంది. తలా ఒక గ్లాసు తెచ్చిచ్చింది. కర్బలా యుద్ధంలో నీళ్లందక దాహంతో పోయినవాళ్ల పేరు మీద ఇచ్చేది, కాదనలేకపోయాం.

అంతలో ప్రిన్సిపాల్ మండిపడుతూ వచ్చాడు. మా చేతుల్లో గ్లాసులు చూసి చల్లబడ్డాడు.

"పీర్ల కోసమా? ముందుగాల చెప్పొద్దా మరి!"

ముగ్గురం తలూపాం. మార్చిలో రెన్యువల్ ఉంది కదా. అలా ఊపిన తలను ఇప్పుడు దిండు మీద ఎటు పెట్టినా కుదరడం లేదు.

మాలో నాలుగోవాడు కరీం ఒక్కడే అన్నాడు: "పీర్లకు కాదు సార్, గాజా పిల్లల కోసం."

"నేనేం ఇనలే" అని ప్రిన్సిపాల్ లోపలికి పోయాడు. ఆ మాట కరీంను కాపాడటానికా, గుర్తుపెట్టుకోవడానికా? కరీం అనే పేరు పెట్టుకుని అలా అనడం మా అందరికంటే వాడికే ప్రమాదం. తెలిసే అన్నాడు.

ముసలమ్మ మాత్రం విన్నది. గాజా ఎక్కడని అడగలేదు. నా వైపు తిరిగి, "ఆ పోరగాండ్లకు తాగనీకె నీళ్లన్న దొరుకుతున్నయా బిడ్డా?" అంది.

నా గ్లాసు అప్పటికే ఖాళీ.