కోదండరామ్ అంకుల్‌ని మాకివ్వండి

స్కార్‌బరో, కెనడా,
జూన్ 2023

ప్రియమైన శ్యామల ఆంటీకి,

ఫోన్ చేస్తే నవ్వేసి పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. మా స్టూడెంట్స్ టీమ్‌కి కోదండరామ్ అంకుల్‌ని ఇవ్వండి. జోక్ కాదు, ఒక కెప్టెన్‌గా ఇంకో కెప్టెన్‌ని ట్రేడ్ అడుగుతున్నా.

నిన్న కూడా గెలవాల్సిన బేస్‌బాల్ మ్యాచ్ చివర్లో పోగొట్టుకున్నాం. మా పిచర్ అనంత్ వేర్‌హౌస్‌లో షిఫ్ట్ చేసి నేరుగా గ్రౌండ్‌కి వస్తాడు. సగం ఆట దాకా వాడి బంతిని ఎవరూ ముట్టుకోలేరు. తర్వాత భుజం పట్టేస్తుంది. క్రికెట్‌లో చివరి ఓవర్లకి ఒక బౌలర్ని దాచుకున్నట్టు, బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ ఉండాలని మాకు ఆట నేర్పిన మీరే చెప్పారు. మన ఆదివారం లీగ్‌లో అంకుల్‌ని మించినవాళ్ళు లేరు. ఆయన బంతి బద్ధకంగా వస్తుంది, బ్యాట్ ఊపేసరికి కిందికి జారిపోతుంది.

బదులుగా స్నేహని ఇస్తాం. మాలో తనంత గట్టిగా కొట్టేవాళ్ళు లేరు. ఏజాక్స్‌లోనే జాబ్ వచ్చింది, మీ టీమ్‌కి వస్తానంటోంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
కిరీటి

*

ఏజాక్స్,
జూన్ 2023

ప్రియమైన కిరీటీ,

మొగుణ్ణి ట్రేడ్ చెయ్యమన్న కెప్టెన్ని ఇప్పుడే చూస్తున్నాను. నవ్వలేక చచ్చాను. కానీ ఇవ్వను.

నీకు తెలియనిది ఒకటుంది. మార్చిలో లేఆఫ్ అయినప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పడం లేదు. "కాఫీ పెట్టనా?" అంటే "ఊఁ." అంతే. ఇంటర్వ్యూ అవగానే ల్యాప్‌టాప్ మూసి కిటికీ దగ్గర కూర్చుంటారు. ఆదివారం గ్రౌండ్‌లోనే ఆ మొహంలో కాస్త వెలుగు కనిపిస్తుంది. అది నా కళ్ళ ముందే ఉండాలి.

స్నేహని ఊరికే రమ్మను, బిర్యానీ పెడతాను.

ఆశీస్సులతో,
శ్యామల ఆంటీ

*

స్కార్‌బరో,
జూన్ చివరి వారం

ప్రియమైన ఆంటీకి,

లేఆఫ్ సంగతి తెలియక జోకులేశాను, సారీ. అయినా ఇంకోసారి అడుగుతున్నా, కోప్పడకండి.

మీ టీమ్ అందరినీ చితక్కొట్టేస్తోంది. చివరికొచ్చేసరికి పది రన్లు ముందుంటారు. ఇక అంకుల్‌తో పనేముంటుంది? మొన్న ఆదివారం చూశాను, గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని మ్యాచ్ అంతా బెంచీ మీదే ఉన్నారు.

మా దగ్గర అలా కుదరదు. ఆట చేజారేలా ఉంటే చివరిదాకా ఆగం, అప్పుడే ఆయన్ని పిలుస్తాం. అంటే ప్రతి వారమూ పిలుస్తాం! అనంత్ అయితే, "అంకుల్ వస్తే ఆ బంతి వెయ్యడం నాక్కూడా నేర్పుతారా?" అని అడుగుతున్నాడు.

మాకు ఆయన నిజంగా కావాలి ఆంటీ.

మీ కిరీటి

*

ఏజాక్స్,
సెప్టెంబర్ 2023

ప్రియమైన కిరీటీ,

కప్పు గెలిచినందుకు మీ అందరికీ అభినందనలు.

నీ రెండో ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. చదివి, "వెళ్ళనా?" అన్నారు. ఎన్నో వారాల తర్వాత ఆయన నన్నడిగిన మొదటి మాట అది. అందుకే ఆ సాయంత్రం నీకు ట్రేడ్‌కి సరేనని మెసేజ్ పెట్టాను.

ఇక నిన్నటి ఫైనల్. మేం ఒక్క రన్ వెనక. స్నేహ మూడో బేస్ మీద, పరుగెత్తుకొస్తే స్కోరు సమం. ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే ఆట అయిపోయినట్టే. బ్యాట్ నా చేతిలో. అనంత్ బంతిని ఆయనకిచ్చి తప్పుకున్నాడు.

"కాస్త చూసి వెయ్యండి!" అని అరిచాను.

"చూస్తూనే ఉన్నా," అన్నారు.

మూడు బంతులకీ బ్యాట్ గాలిలోనే ఊపాను, ఒక్కటీ తగల్లేదు, అవుటయ్యాను. మీ పిల్లలు ఆయన్ని భుజాలకెత్తుకుంటే నేను చప్పట్లు కొడుతూ నిలబడ్డాను. "ఆంటీ, మనం ఓడిపోయాం," అని స్నేహ గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇంటికొచ్చేదాకా కారులో ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అనంత్ భుజం ఎలా కాపాడాలి, చలికాలం ప్రాక్టీస్ ఎక్కడ పెట్టాలి, ఒకటే ధోరణి. ఇల్లు వచ్చినా కారు దిగకుండా వింటూ కూర్చున్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఇంట్లో నాకిప్పుడు మాట్లాడే మనిషున్నారు.

ఆయన్ని వెనక్కి అడుగుతానని భయపడకు. మీ దగ్గరే ఉంచుకో. వచ్చే ఏడు ఆ బంతిని నేను కొట్టి తీరాలి. ఒకే టీమ్‌లో ఉంటే ఎలా కొడతాను?

ఓడిపోయి సంబరపడుతున్న
శ్యామల ఆంటీ