ఎండిన వాగు మట్టి

చిట్కుల్, ఆదివారం

నాయినా, నా పాణం మంచిగనే ఉన్నది. ఫోన్ల చెప్తె మధ్యలనే పెట్టేస్తవని కార్డు రాస్తున్న.

ఎండిపోయిన మన వాగుల మట్టి తెచ్చుకున్న గదా, దాన్ని గిన్నెల వేసి నీళ్లు పోసిన. తొమ్మిదోరోజు నువ్వుగింజంత పురుగులు ఈదినయ్! గివి శాన అరుదని, వీటి గుడ్లు ఎండిన మట్టిల ఏండ్లకేండ్లు బతికుంటయని మా కాలేజీ మేడం సంబురపడ్డది. శుక్రవారం నిలువనీళ్లు పారబోసే ఆశా అక్క, దోమపిల్లలనుకొని గిన్నె బోర్లించింది. ముందుగాల చెప్పకపోవుడు నాదే తప్పు. మస్తు ఏడ్చిన.

ఇంకో డబ్బెడు మట్టి పంపు, రాళ్లు ఏరకు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇసుక ట్రాక్టరోళ్లను వాగుల దిగనిస్తనన్నవట, వద్దు. సచ్చిన వాగని అనకు నాయినా. నా నడుముకు తువ్వాల కట్టి ఈత నేర్పినవ్ అండ్ల. గా మట్టిల ఇంకా ఈదేటోళ్లు ఉన్నరు.

నీ బిడ్డ,
సంధ్యారాణి